రెండిటి మీదా 4 ఆంపియర్లే, ఏది కొనాలి?

చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో మా నెల్లూరు తమ్ముడు రెండు డేటాషీట్లు (పార్టుల వివరాల పత్రాలు) ఫోన్‌లో తెరిచి అడిగాడు: "అన్నా, మాస్‌ఫెట్‌కీ 4 ఆంపియర్లే, లోడ్ స్విచ్ ఐసీకీ 4 ఆంపియర్లే. మాస్‌ఫెట్ చవక. అదే తీసుకోనా?" రెండూ కరెంట్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లే: మాస్‌ఫెట్ అంటే విడి ట్రాన్సిస్టర్, లోడ్ స్విచ్ ఐసీ అంటే అలాంటి ట్రాన్సిస్టర్‌ను నడిపే సర్క్యూట్‌తో సహా ఇమిడ్చిన చిప్. వాడి బోర్డులో 5 వోల్టుల లైన్ మీద 3 ఆంపియర్లు గంటల తరబడి పారాలి.

అంకె ఒకటే అయినా అది వచ్చిన దారి వేరు. వాడు చూపించిన మాస్‌ఫెట్‌కు (సాట్-23 అనే చిన్న ప్యాకేజీలోది) ఆ 4 ఆంపియర్లు వేడి లెక్కతో వచ్చినవి. కింద చిన్న అక్షరాల్లో ఉంది చూడండి: గది వేడి 25 డిగ్రీలు, పార్టు కింద ఒక చదరపు అంగుళం రాగి, సమయం 10 సెకన్లు. మే నెల చెన్నైలో, మూసిన డబ్బా లోపల 25 డిగ్రీలా!

మన లెక్క మనమే వేద్దాం. డబ్బా లోపల 55 డిగ్రీలు అనుకుందాం. మాస్‌ఫెట్ రెసిస్టెన్స్ 50 మిల్లీ ఓమ్‌లని రాశారు, కానీ వేడెక్కితే అది 70 దాకా పోతుంది. 3 ఆంపియర్ల వర్గం 9, దాన్ని 0.07తో గుణిస్తే 0.63 వాట్లు. ఒక్కో వాట్‌కు 150 డిగ్రీల చొప్పున 95 డిగ్రీలు పెరుగుతుంది. డబ్బా వేడి 55తో కలిపి మొత్తం 150. ఆ పార్టు జంక్షన్ (లోపలి సిలికాన్) తట్టుకునే హద్దు కూడా సరిగ్గా 150. అంటే 3 ఆంపియర్లకే పీకల దాకా వచ్చేసింది.

ఐసీ రెసిస్టెన్స్ 20 మిల్లీ ఓమ్‌లు, వేడిలో 28. దాని పొట్ట కింద రాగికి అతికే ప్యాడ్ ఉంది కాబట్టి వాట్‌కు 80 డిగ్రీలే. అదే 3 ఆంపియర్లకు పెరిగేది 20 డిగ్రీలు, మొత్తం 75. 4 ఆంపియర్లు పెట్టినా 91 దగ్గరే ఉంటుంది, హద్దు 125. మరి 4 దగ్గరే ఎందుకు ఆపారు? ఇక్కడ అడ్డం వచ్చింది వేడి కాదు, లోపలి సన్నటి లోహపు తీగలు. ఎక్కువ కరెంట్ ఏళ్ల తరబడి పారితే ఎలక్ట్రాన్ల తోపుడుకు లోహపు అణువులే మెల్లగా జరిగిపోతాయి. కరెంట్ రెట్టింపైతే ఆయుష్షు నాలుగో వంతుకు పడిపోవచ్చు, వేడి తోడైతే ఇంకా తొందరగా. అందుకే 300 మైక్రోసెకన్ల పల్స్‌కు 6 ఆంపియర్లు ఒప్పుకుంటారు, నిరంతరానికి ఒప్పుకోరు.

కాబట్టి ఈ పనికి నా ఓటు ఐసీకే. పొరపాటున ఓవర్‌లోడ్ అయినా వేడెక్కితే తనే ఆగిపోయే సదుపాయం దాంట్లో ఉంది. మాస్‌ఫెట్‌కు అది లేదు, నేను ఒకసారి వేలు కాల్చుకున్నాను. అయితే వాడి ఐసీ 5.5 వోల్టులు దాటితే పనికిరాదు.

తమ్ముడు ఐసీలు తీసుకున్నాడు. 12 వోల్టుల ఫ్యాన్‌కోసం మాస్‌ఫెట్లు కూడా పది కట్టించుకున్నాడు. 200 మిల్లీ ఆంపియర్లకు అవి వెచ్చబడనైనా వెచ్చబడవు.