కడప అపార్ట్‌మెంటుకు ఏ సంఘం: 1964 చట్టమా, 2001 చట్టమా?

సులువు చూస్తే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే. ఏడుగురు చేరి, బైలాలు (సంఘం నడిచే నియమాలు) రాసుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేస్తే సంఘం పుడుతుంది. 1964 సహకార చట్టం కింద అయితే జిల్లా సహకార అధికారి ఆఫీసు చుట్టూ తిరగాలి. ఆపైన ఆడిట్, ఎన్నికలు, విచారణ, అన్నింటిపైనా శాఖ కన్ను ఉంటుంది.

తేడా అసలు తెలిసేది బాకీల దగ్గర. బోరు మోటారు కాలిపోయి ఉంటుంది, మూడో అంతస్తాయన మాత్రం "నేను ఊర్లోనే ఉండను, మెయింటెనెన్స్ ఎందుకు కట్టాలప్పా?" అంటాడు. సహకార సంఘమైతే సెక్షన్ 61 కింద తగాదాను సహకార శాఖ రిజిస్ట్రార్ ముందుకు తీసుకుపోవచ్చు. 2001 చట్టంలో సెక్షన్ 23 మధ్యవర్తిత్వమో జిల్లా కోర్టో చూపిస్తుంది. నాలుగు వేల బాకీకి కోర్టుకెక్కితే వకీలు ఫీజే దాన్ని మించిపోతుంది.

స్థలం కొని, ప్లాట్లు పంచుకుని ఇళ్లు కట్టుకునే ఉద్యోగుల గుంపుకు సహకార చట్టమే నయం. కట్టేసిన పన్నెండు ఫ్లాట్ల భవనానికి లిఫ్టు, నీళ్లు, వాచ్‌మన్ జీతం చూసుకోవడానికైతే 2001 చాలు. కాకపోతే బాకీ పడితే ఏం చేయాలో బైలాలోనే గట్టిగా రాసుకోండి.