నార్మండీ యాత్ర లండన్ నేలమాళిగలో మొదలుపెట్టండి

రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ చేతిలో ఉన్న ఫ్రాన్స్‌ను విడిపించడానికి మిత్రరాజ్యాల సైన్యాలు దిగిన తీరం నార్మండీ. దాన్ని చూడాలని పారిస్ వెళ్లినవాళ్లకు సులువుగా దొరికేది ఒక్కరోజు బస్సు టూర్. పొద్దున్నే ఎక్కితే ఒమాహా బీచ్, అమెరికన్ సమాధులు చూపించి రాత్రికి మళ్లీ పారిస్‌లో దింపుతారు. రానూపోనూ ఏడెనిమిది గంటలు రోడ్డు మీదే పోతాయి. అంతకంటే పెద్ద లోటు ఇంకొకటుంది. 1944 జూన్ 6న, అంటే డీ-డే రోజున, ఆ తీరంలో జరిగింది ఒక మహా ప్రయత్నంలో చివరి అంకం మాత్రమే. అంతకుముందు రెండేళ్లకు పైగా గదుల్లో, పటాల ముందు, ఓడల లెక్కల దగ్గర, వాతావరణ పట్టికల దగ్గర నడిచిన కథ ఆ బస్సు టూర్‌లో కనబడదు. ఇన్ని దేశాల సైన్యాలు ఒకే కమాండ్ కింద ఎలా పనిచేశాయో తెలియాలంటే లండన్, ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పోర్ట్స్‌మౌత్, నార్మండీ ఇదే వరసలో చూడాలి. లండన్‌లో రెండు రోజులు, పోర్ట్స్‌మౌత్‌లో ఒకటి, సముద్రం మీద ఒక పూట, నార్మండీలో మూడు రోజులు పెట్టుకుంటే చాలు.

ముందు వీసాల సంగతి. యూకేకు, ఫ్రాన్స్‌కు విడివిడిగా కావాలి. ఒకటి చేతికొచ్చాక రెండోదానికి వెళ్లడం మేలు. మూడు నెలల ముందే పని మొదలుపెట్టండి. విమానం టికెట్ లండన్‌లో దిగి పారిస్‌లో ఎక్కేలా తీసుకుంటే మళ్లీ ఇంగ్లండ్‌కు రావాల్సిన పని ఉండదు.

లండన్‌లో చర్చిల్ వార్ రూమ్స్‌తో, అంటే బ్రిటన్ ప్రధాని చర్చిల్ యుద్ధాన్ని నడిపించిన నేలమాళిగ గదులతో మొదలుపెట్టాలి. వెస్ట్‌మినిస్టర్ ట్యూబ్ స్టేషన్ నుంచి ఐదారు నిమిషాల నడక. టికెట్ 30 పౌండ్ల పైమాటే, ఆడియో గైడ్ అందులోనే వస్తుంది. టైము ప్రకారం ఇస్తారు కాబట్టి పొద్దున 9:30 స్లాట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. పదకొండు దాటితే ఆ ఇరుకు నడవాల్లో నిలబడి చదివే వీలుండదు. ప్రభుత్వ భవనం కింద ఉన్న ఈ గదులు 1939 ఆగస్టు 27న పని మొదలుపెట్టాయి, 1945 ఆగస్టు 16న దీపాలార్పాయి. మ్యాప్ రూమ్‌ను దాదాపు ఆ రోజు వదిలినట్టే ఉంచారు. అట్లాంటిక్ పటం దగ్గరకు వెళ్లి చూడండి. ఓడల బృందాలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టడానికి గుచ్చి తీసిన పిన్నుల రంధ్రాలు వేలల్లో కనిపిస్తాయి. అమెరికా నుంచి బ్రిటన్‌కు తిండి, ఆయిలు, ట్యాంకులు వచ్చిన దారి ఆ రంధ్రాలే. అదే గదిలో ఒక అధికారి తన రేషన్‌లోంచి మిగుల్చుకున్న మూడు చక్కెర బిళ్లలు కూడా ఉన్నాయి.

నడవాలో టాయిలెట్ తలుపులా కనిపించే ఒక చిన్న గది ఉంది, దాటి వెళ్లిపోకండి. చర్చిల్ అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌తో ఫోన్లో మాట్లాడింది అక్కడి నుంచే. మాటను రహస్య సంకేతంగా మార్చే అమెరికన్ యంత్రం బరువు 50 టన్నుల పైనే. ఇక్కడ పట్టక దాన్ని ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోని సెల్ఫ్రిడ్జెస్ దుకాణం నేలమాళిగలో పెట్టి, అక్కడి నుంచి ఈ గదికి లైను లాగారు. మొత్తానికి రెండున్నర గంటలు కేటాయించండి. ఖర్చుకు తగిన చోటే.

బయటికొచ్చాక పావుగంట నడిస్తే సెయింట్ జేమ్స్ స్క్వేర్, అక్కడ 31వ నంబరు నార్‌ఫోక్ హౌస్. లోపలికి పోనివ్వరు, గోడ మీది ఫలకం చదువుకోవడమే. అయినా ఐదు నిమిషాలు ఆగాలి. నార్మండీ దాడికి తొలి పథకం 1943లో జనరల్ ఫ్రెడరిక్ మోర్గన్ నాయకత్వంలో బ్రిటిష్, అమెరికన్ అధికారులు కలిసి ఇక్కడే తయారుచేశారు. మొదట అనుకున్నది మూడు డివిజన్లతో (ఒక్కోటి వేలమంది సైనికుల దళం) దాడి. సైనికులు లేక కాదు, వాళ్లను ఒడ్డుకు చేర్చే ల్యాండింగ్ క్రాఫ్ట్ చాలక. 1944 జనవరిలో దాడికి సర్వసేనాని అయిన అమెరికన్ జనరల్ ఐసెన్‌హోవర్, నేల మీది సైన్యాలను నడిపించే బ్రిటిష్ జనరల్ మాంట్‌గోమరీ వచ్చి ఐదు డివిజన్లు తప్పదన్నారు. ఇంకో నెల ఉత్పత్తి కలిసిరావాలని దాడిని మే నుంచి జూన్‌కు జరిపారు. దక్షిణ ఫ్రాన్స్ మీద అదే సమయంలో జరగాల్సిన దాడిని ఆగస్టు 15కు నెట్టారు. ఈ ఓడల కొరత మన బంగాళాఖాతం దాకా పాకింది. జపాన్ చేతిలో ఉన్న అండమాన్ దీవుల మీద దాడికి వేసిన పథకాన్ని 1943 డిసెంబర్‌లో రద్దు చేశారు, ఓడలు ఐరోపాకు కావాలని. విశాఖ నుంచి ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయ పురం) వెళ్లేవాళ్లకు ఈ ముక్క తెలిసి ఉండాలి.

రెండో రోజు బ్లెచ్లీ పార్క్, శత్రువుల రహస్య సంకేతాలను బ్రిటిష్ వాళ్లు ఛేదించిన చోటు. యూస్టన్ నుంచి రైల్లో ముప్పావుగంట, స్టేషన్ ఎదురుగానే గేటు. జర్మన్ సైన్యం వాడిన ఎనిగ్మా యంత్రపు సంకేతాలను మొదట ఛేదించింది పోలండ్ గణితవేత్తలు. 1939 జూలైలో వార్సా దగ్గర తమకు తెలిసినదంతా బ్రిటిష్, ఫ్రెంచ్ వాళ్లకు అప్పగించారు. ఆ పోలిష్ స్మారకం ఆవరణలోనే ఉంది. ఒక చిక్కు ఉంది: సంకేతాలను ఛేదించడానికి వాడిన బాంబ్, కొలొసస్ అనే యంత్రాలకు తిరిగి కట్టిన ప్రతులు పక్కనే ఉన్న కంప్యూటింగ్ మ్యూజియంలో ఉంటాయి. దానికి వేరే టికెట్, వారంలో అన్ని రోజులూ తెరవరు. ఆ రోజులు చూసుకోకుండా వెళ్తే ఆ యంత్రాలు చూడకుండానే తిరిగొస్తారు. రోజులు చాలనివాళ్లు వదిలేయదగినది ఏదైనా ఉంటే ఇదొక్కటే.

లండన్‌లో బస వాటర్లూ చుట్టుపక్కల పెట్టుకోండి. వార్ రూమ్స్‌కు నడిచి వెళ్లొచ్చు, పోర్ట్స్‌మౌత్ రైలు కూడా అక్కడి నుంచే.

పోర్ట్స్‌మౌత్‌లో దిగాక సౌత్‌సీ సముద్రపుటొడ్డున ఉన్న డీ-డే స్టోరీ మ్యూజియంకు వెళ్లాలి. చిన్నదే, రెండు గంటల్లో అయిపోతుంది. 83 మీటర్ల పొడవు, 34 పలకల ఓవర్‌లార్డ్ (నార్మండీ దాడికి పెట్టిన రహస్య పేరు) ఎంబ్రాయిడరీ బాగుంటుంది గానీ, నా దృష్టిలో టికెట్ డబ్బులు బయట నిలబెట్టిన ఎల్‌సీటీ 7074 ఒక్కదానికే సరిపోతాయి. డీ-డే రోజు పది ట్యాంకులను నార్మండీలో గోల్డ్ అని రహస్య పేరు పెట్టిన బీచ్‌కు మోసుకెళ్లిన ఓడ ఇది. డీ-డేలో పాల్గొన్న ఈ తరహా ఓడల్లో మిగిలింది ఇదొక్కటే. యుద్ధం తర్వాత నైట్‌క్లబ్‌గా మార్చారు, చివరికి రేవులో మునిగిపోయింది, 2014లో పైకి తీశారు. లోపలికెళ్లి ట్యాంకుల డెక్ మీద నిలబడితే అడుగుభాగం ఎంత చదునుగా ఉందో తెలుస్తుంది. ఇసుక మీదికి ఎక్కడానికి ఆ చదును కావాలి. అదే చదును వల్ల చిన్న అలకు కూడా విపరీతంగా ఊగుతుంది. గాలి పెరిగితే దాడి ఎందుకు వాయిదా పడాలో ఇక్కడే అర్థమవుతుంది.

ఊరికి ఉత్తరాన ఉన్న సౌత్‌విక్ హౌస్‌లో గోడంతా కప్పేసిన చెక్క పటం ఉంది. బొమ్మల కంపెనీ చాడ్ వ్యాలీకి నార్వే నుంచి స్పెయిన్ దాకా తీరమంతా చేయమని ఆర్డరిచ్చి, అందులో నార్మండీ ముక్కను మాత్రమే ఇక్కడ బిగించారు. బిగించిన పనివాళ్లను దాడి అయ్యేదాకా బయటికి వదల్లేదు. జూన్ 5 తెల్లవారుజామున వాతావరణ నిపుణుడు జేమ్స్ స్టాగ్ చెప్పిన కొద్దిపాటి తెరిపిని నమ్మి ఐసెన్‌హోవర్ సరేనన్నది ఈ ఇంట్లోనే. అది సైనిక ఆవరణ. ముందుగా అనుమతి తీసుకోకుండా వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. అనుమతి దొరక్కపోతే దీనికోసం రోజు పాడుచేసుకోవద్దు.

ఇక ఫెర్రీ. పోర్ట్స్‌మౌత్ నుంచి ఊయిస్త్రెయామ్‌కు పగటిపూట ఆరు గంటలు. రాత్రి ఓడలో హోటల్ ఖర్చు మిగులుతుందని ఆశ పుడుతుంది. కానీ చేరడానికి చాలాముందే లైట్లు వేసి లేపుతారు, ఆ రోజంతా నిద్రమత్తులో పోతుంది. పగటి ఓడే ఎక్కండి. వైట్ ద్వీపం దాటాక ఓడ వెళ్లే నీళ్లలోనే ఆ రాత్రి వేల ఓడలు గుమిగూడి దక్షిణానికి తిరిగాయి. రద్దీ చూసి నావికులు ఆ చోటుకు లండన్‌లోని రద్దీ కూడలి పికడిల్లీ సర్కస్ పేరు పెట్టారు. దిగాక పాస్‌పోర్ట్ క్యూ ఉంటుంది. యూరప్‌లో వేలిముద్రల కొత్త పద్ధతి వచ్చాక మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇంకాస్త ఆలస్యం. కాబట్టి దిగిన గంటలోనే అద్దె కారు తీసుకునేలా బుక్ చేయకండి.

ఊయిస్త్రెయామ్ అంటే స్వోర్డ్ బీచ్ తూర్పు చివర. 177 మంది ఫ్రెంచివాళ్లు బ్రిటిష్ కమాండోలతో కలిసి దిగి తమ దేశపు ఊరిని విడిపించుకున్నది ఇక్కడే. కాలువ గట్టు వెంబడి సైకిల్ మీద ఐదు కిలోమీటర్లు వెళ్తే డీ-డే రాత్రి బ్రిటిష్ సైనికులు పట్టుకున్న పెగసస్ వంతెన. ఇప్పుడున్న వంతెన 1994లో కట్టింది. అసలుది పక్కనే మ్యూజియం ఆవరణలో ఉంది, చేత్తో తాకొచ్చు.

బస ఎక్కడ? కాన్‌లో హోటళ్లు ఎక్కువ, రైళ్లు ఎక్కువ, ధర తక్కువ, కానీ బీచ్‌లకు దూరం. ఆరోమాంష్‌లో సముద్రం కిటికీలోంచే కనిపిస్తుంది గానీ రాత్రి ఎనిమిది దాటితే తిండికి వెతుక్కోవాలి. మూడు రాత్రులకూ బాయొ మేలు. పాత ఊరంతా నడిచి తిరగొచ్చు, అమెరికన్, బ్రిటిష్ బీచ్‌లు రెండువైపులా దగ్గరే. అక్కడి పేరున్న టేపెస్ట్రీ (1066లో ఇంగ్లండ్ మీద దండయాత్రను కుట్టిన పాత వస్త్రం) మ్యూజియం 2025 సెప్టెంబర్ నుంచి మరమ్మతులకు మూసి ఉంది, దానికోసం రోజు పెట్టుకోకండి. జూన్ మొదటివారం మాత్రం వద్దు. ఏడాది ముందే గదులు నిండిపోతాయి, రోడ్లు మూసేస్తారు. జనవరిలో చాలా మ్యూజియంలకు సెలవు. మే రెండోసగం, సెప్టెంబర్ బాగుంటాయి.

బస్సులున్నాయి గానీ రోజుకు కొన్నే, ఆదివారం ఇంకా తక్కువ. కారు తీసుకుంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇండియాలోనే చేయించుకు రండి, ఆటోమేటిక్ గేరు కావాలంటే ముందే చెప్పాలి. చిన్న ఊళ్లలో అద్దె ఆఫీసులు మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా తాళం వేస్తాయి.

నార్మండీలో ఒక్క పూటే ఉంటే ఆరోమాంష్ వెళ్లండి, అదీ ఆటు సమయానికి. స్థానిక ఆటుపోట్ల పట్టిక చూసి, నీరు పూర్తిగా వెనక్కి తగ్గే గంటకు ముందే ఇసుకలోకి దిగాలి. అప్పుడు ఒడ్డుకు దగ్గరగా మిగిలిన కాంక్రీటు పెట్టెల దాకా నడిచి వెళ్లొచ్చు. 1942 ఆగస్టులో కెనడా సైనికులు ఎక్కువగా ఉన్న దళం దియెప్ రేవు మీద దాడి చేసి ఘోరంగా దెబ్బతింది. కాపలా ఉన్న రేవును పట్టుకోవడం కుదరదని తేలాక, రేవునే వెంట తీసుకెళ్దామనుకున్నారు. అలా పుట్టినవి మల్బరీ అనే కృత్రిమ రేవులు, ఒకటి ఇక్కడ, ఒకటి ఒమాహా దగ్గర. ఫీనిక్స్ అనే కాంక్రీటు పెట్టెల్లో పెద్దవి ఒక్కోటి 6,000 టన్నులు. ఖాళీగా తేల్చి టగ్గులతో లాక్కొచ్చి, నీళ్లు నింపి ముంచారు. వాటి చాటున నాలుగు కాళ్ల తేలే వేదికలు నిలబెట్టారు. కాళ్లు నేల మీద ఆనుకుంటాయి, వేదిక ఆటుపోట్లతో పైకీ కిందికీ కదులుతుంది. ఓడ ఎప్పుడొచ్చినా సరుకు దింపొచ్చు.

దగ్గరికెళ్తే కాంక్రీటు పగుళ్లలోంచి తుప్పుపట్టిన కడ్డీలు బయటికొచ్చి ఉంటాయి, అడుగున మోకాలెత్తు దాకా ఆల్చిప్పలు, పచ్చటి నాచు. నాచు మీద కాలు వేయొద్దు, జారుతుంది. ఎక్కడానికి ప్రయత్నించొద్దు. నీరు తిరిగి ముందు గుంటల్లోంచి చుట్టేస్తుంది, కాబట్టి పోటు మొదలవగానే వెనక్కి రావాలి.

దాడి సమయాలను నిర్ణయించింది కూడా ఈ నీళ్లే. జర్మన్లు తీరంలో పాతిన మందుపాతరల గుంజలు పోటులో మునిగిపోతాయి. అవి పైకి కనబడుతుండగా, పోటు మొదలయ్యే వేళకు దిగాలి. ఇక్కడ పోటు పడమటి నుంచి తూర్పుకు వస్తుంది. అందుకే అమెరికన్లు 6:30కు, బ్రిటిష్ వాళ్లు 7:25కు దిగారు. పైగా పారాట్రూపర్లకు వెన్నెల కావాలి. ఈ రెండూ కలిసేవి జూన్ 5, 6, 7 తేదీలే. తప్పితే ఆటుపోట్లు మళ్లీ కలిసొచ్చేది రెండువారాల తర్వాతే, అప్పుడు వెన్నెల ఉండదు. ఆ రెండువారాల తర్వాత, జూన్ 19న, పెద్ద తుఫాను లేచి ఒమాహా దగ్గరి అమెరికన్ మల్బరీని ముక్కలు చేసింది. దాన్ని అక్కడే వదిలేశారు. ఆ తర్వాత ఓడలను నేరుగా ఇసుక మీదికి ఎక్కించి, నీరు తగ్గాక సరుకు దింపుకున్నారు. అది అనుకున్నదానికంటే బాగా నడిచింది.

ఒడ్డున ఉన్న మ్యూజియంను 2023లో కొత్తగా కట్టారు. వేదికలు ఎలా కదిలేవో చూపే నమూనాలున్నాయి. ఆటు మధ్యాహ్నం పడితే పొద్దున మ్యూజియం, తర్వాత ఇసుక.

కొలెవిల్‌లోని అమెరికన్ సమాధుల చోటుకు టికెట్ లేదు, గేటులో బ్యాగు తనిఖీ ఉంటుంది. 9,380కి పైగా తెల్లరాతి గుర్తులు, ఒకే ఎత్తు, ఒకే వరస. సాయంత్రం జెండా దించే వేళకు వెళ్లండి, అప్పటికి టూర్ బస్సులు వెళ్లిపోతాయి. ఇది చూశాక బాయొ వార్ సెమెటరీ తప్పక చూడాలి, ఊళ్లోంచి నడకదూరమే. ఒకే ఆవరణలో బ్రిటిష్ వాళ్లు, కెనడియన్లు, పోలిష్ వాళ్లు, రష్యన్లు, జర్మన్లు కూడా ఉన్నారు. రోడ్డుకు ఎదురుగా ఉన్న స్మారకం మీద లాటిన్‌లో చెక్కిన మాటకు అర్థం: ఒకప్పుడు విలియం చేతిలో ఓడిన మేము, ఆ విజేత జన్మభూమిని విడిపించాం. విలియం అంటే 1066లో నార్మండీ నుంచి వెళ్లి ఇంగ్లండ్‌ను జయించినవాడు.

కూర్సెల్‌లోని జూనో బీచ్ సెంటర్ కెనడా వాళ్లది. పిల్లలతో వెళ్లేవాళ్లకు మిగతా అన్నింటికంటే ఇదే నచ్చుతుంది.

తిండి విషయంలో శాకాహారులు గాలెట్ దుకాణాలు చూసుకోండి. బక్‌వీట్ పిండితో మన దోశలా వేస్తారు, జున్ను, పుట్టగొడుగులతో అడగొచ్చు. "సాన్ వియాండ్, సాన్ జాంబో" అనండి, మాంసం వద్దు, హ్యామ్ వద్దు అని. గుడ్డు తినకపోతే "సాన్ ఎఫ్" కూడా చేర్చండి. మధ్యాహ్నం రెండు దాటితే వంటగదులు మూసేస్తారు, ఏడు దాకా తెరవరు. ఆదివారం మధ్యాహ్నం సూపర్‌మార్కెట్లూ ఉండవు. నలుగురైదుగురు కలిసి వెళ్తే వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకోండి.

కారుంటే ఆఖరి రోజు మోంటోర్మెల్ కొండ చూసి ముగించండి, కాన్ నుంచి గంటా పావు. 1944 ఆగస్టులో పారిపోతున్న జర్మన్ సైన్యానికి దారి మూసింది ఇక్కడే. కొండ మీద పోలిష్ ట్యాంకుల డివిజన్, ఉత్తరం నుంచి కెనడియన్లు, దక్షిణం నుంచి అమెరికన్లు, ఫ్రెంచివాళ్లు. గుండ్లు, తిండి అయిపోతున్నా కెనడియన్లు చేరేదాకా పోలిష్ వాళ్లు కొండ దిగలేదు. పైన చిన్న మ్యూజియం, ముందు లోయంతా కనిపిస్తుంది. బస్సు వెళ్లదు, చలికాలంలో తెరిచే వేళలు తక్కువ. మధ్యాహ్నానికి అక్కడ ముగిస్తే కాన్‌లో కారు అప్పగించి సాయంత్రం పారిస్ రైలు అందుకోవచ్చు.