స్వార్థ్‌మోర్ చెట్ల కోసం రెండుసార్లు

ఏప్రిల్ మొదటి వారంలో మాగ్నోలియా పూలు చూద్దామని ఫిలడెల్ఫియా పక్కనున్న స్వార్థ్‌మోర్ కాలేజీకి వెళ్లాం. ముందురోజు రాత్రి చలి గట్టిగా పడింది. తెల్లారి వెళ్లేసరికి చెట్ల నిండా పూలే, కానీ అన్నీ కమిలి గోధుమరంగుకు తిరిగాయి. ఈ చెట్లు ఆకు వేయకముందే పూస్తాయి. నీళ్లు గడ్డకట్టేంత చలి ఒక్క రాత్రి పడితే చాలు, విచ్చిన పూలన్నీ పోయినట్టే. "వీటికోసమేనా ఇంత దూరం లాక్కొచ్చారు?" అంది మా ఆవిడ. నిజంగానే వాటికోసమే.

ఆ కాలేజీ ఆవరణంతా స్కాట్ ఆర్బోరేటమ్, అంటే రకరకాల చెట్లు పెంచి చూపించే తోట. 1929లో మొదలైంది. ఆ ప్రాంతపు ఇళ్ల తోటల్లో ఏ మొక్కలు బాగా బతుకుతాయో జనం స్వయంగా చూసి తెలుసుకోవాలన్నది దాని ఉద్దేశం. అందుకే మొక్కలకు పేరు రాసిన బిళ్లలుంటాయి. క్లాసులకు వెళ్లే పిల్లల పక్కనుంచే మనమూ నడుస్తూ బిళ్లలు చదువుకోవచ్చు. కాలేజీ పేరులో 'స్వార్థం' వినిపిస్తుంది గానీ, టికెట్టు లేదు. పొద్దు పొడిచింది మొదలు చీకటి పడేదాకా ఎవరైనా తిరగొచ్చు.

బసలో తప్పు మాదే. మ్యాపులో దగ్గరగా కనిపిస్తోందని ఎయిర్‌పోర్ట్ పక్కన హోటల్ తీసుకున్నాం. తీరా చూస్తే రైల్లో వెళ్లాలంటే ముందు సిటీలోకి పోయి, అక్కడ బండి మారి, మళ్లీ బయటికి రావాలి. స్టేషన్‌దాకా దింపుతామన్న హోటల్ వ్యాను ఎంతకీ రాలేదు, ఆ టెన్షన్‌లోనే సగం పొద్దు గడిచిపోయింది. రెండోసారి సిటీ మధ్యలో దిగాం. సెప్టా (అక్కడి ప్రజా రవాణా సంస్థ) వాళ్ల మీడియా-వావా రైలు లైను ఎక్కితే దాదాపు అరగంట. కాలేజీ పక్కనే బసకు ఒక ఇన్ (హోటల్) ఉంది, నడక తగ్గాలంటే అదే మేలు. మాకు మాత్రం సాయంత్రాలు సిటీలో ఉండటమే నచ్చింది.

రైలు దిగగానే మెగిల్ వాక్. రెండు వైపులా పాత ఓక్ చెట్లు, మధ్యలో కాలేజీ భవనమైన పార్రిష్ హాల్ దాకా ఎగువకు పోయే దారి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నిదానంగా ఎక్కాలి. పైకి చేరాక పచ్చికలో చెక్క కుర్చీలుంటాయి.

అక్టోబర్ చివర్లో మళ్లీ వెళ్లింది ఆరుబయటి యాంఫీథియేటర్ కోసం. పచ్చిక మెట్లు, వాటిని ఆపే రాతి గోడలు. ఆ మెట్ల మధ్యలోంచే ట్యులిప్ పాప్లర్లు స్తంభాల్లా నిటారుగా లేచాయి. కాలేజీ పట్టాల ప్రదానోత్సవం జరిగేది ఇక్కడే. ఏప్రిల్‌లో మోడుగా చూసిన చెట్లు ఇప్పుడు పసుపు ఆకులు రాలుస్తున్నాయి. మెట్లు కనబడటం లేదు, కాలితో తడుముకుంటూ దిగాం. ఈ ట్యులిప్ పాప్లర్లూ మాగ్నోలియా కుటుంబానివే. వసంతం చివర్లో పూస్తాయి, కానీ ఎంత ఎత్తులో అంటే రెక్కలు కింద రాలితే తప్ప పూసిన సంగతే తెలియదు. మా ఆవిడ అక్కడ కూర్చుని గంటసేపు లేవలేదు. ఏప్రిల్ బాకీ తీరిందన్నమాట.

డాన్ రెడ్‌వుడ్ చెట్ల బారు కూడా చూడండి. దేవదారు జాతుల్లా సూదుల ఆకులే అయినా, శరదృతువులో రాగి రంగుకు తిరిగి రాలిపోతాయి. 1941లో శిలాజాలను మాత్రమే చూసి పేరు పెట్టిన చెట్టు ఇది. ఆ తర్వాతే, చైనాలో ఇంకా బతికి ఉందని తేలింది.

పూలే కావాలంటే కొంత దూరంలో లాంగ్‌వుడ్ గార్డెన్స్ ఉంది. అద్దాల గదుల్లో ఏడాది పొడుగునా పూలుంటాయి, చలి భయం లేదు. కానీ దానికి టికెట్టు, కారు రెండూ కావాలి. ఒక్కరోజే ఉంటే, వసంతంలో అయితే లాంగ్‌వుడ్, శరత్తులో అయితే స్వార్థ్‌మోర్ అంటాను. గులాబీల తోటకు జూన్ మంచిదట, మేమింకా చూడలేదు.

కాలేజీని ఆనుకుని ఉన్న అడవి, క్రమ్ వుడ్స్‌లోకి దిగేవాళ్లు జారని బూట్లు వేసుకోండి. తడి ఆకుల మీద నేను ఒకసారి కూలబడ్డాను. శని, ఆదివారాల్లో రైళ్లు తక్కువ, తిరుగు బండి టైము ముందే చూసుకోండి.