బీర పందిరికి బూడిద తెగులు: వేపనూనెనా, వెల్లుల్లా, శొంఠి పాలా?

చలి మొదలైతే చాలు, ఇదే ప్రశ్న. "అన్నా, బీర ఆకుల మీద పౌడరు చల్లినట్టు తెల్లగా ఉంది. వేపనూనె కొట్టనా, వెల్లుల్లి కషాయమా, శొంఠి పాలా?" మా పందిరికి ఈసారి వేపనూనెతోనే సరిపెట్టాను.

బీర, సొర, దోసల్లో బూడిద తెగులు తెచ్చే శిలీంధ్రం చాలావరకు ఆకు పైనే పాకుతుంది. తిండి పీల్చుకోడానికి మాత్రం సన్నటి కొమ్ములు పై పొరలోకి దించుతుంది. కాబట్టి కొట్టిన మందు నేరుగానే తగులుతుంది. ఇక తేలాల్సింది, అది ఆకు మీద ఎంతసేపు నిలుస్తుందన్నదే.

వెల్లుల్లి ఇక్కడే వెనకబడుతుంది. శిలీంధ్రాన్ని దెబ్బతీసే అల్లిసిన్ రెబ్బలో ముందే ఉండదు, దంచినప్పుడు పుడుతుంది. రోట్లో వెల్లుల్లి పడగానే ముక్కుకు తగిలే ఘాటు అదే. రెబ్బల్ని దంచకుండా ఉడకబెడితే దాన్ని పుట్టించే ఎంజైమే పాడవుతుంది. మనవాళ్లేమో కషాయమంటే మరిగించాల్సిందే అనుకుంటారు! పచ్చిగా దంచి, వడకట్టి, వెంటనే కొడితే పనిచేస్తుంది గానీ ఆకు మీద ఎక్కువసేపు ఉండదు.

వేపనూనె డబ్బా మీది పీపీఎం అంకె, అందులో అజాడిరాక్టిన్ అనే వేప పదార్థం ఎంతుందో చెప్పేది. ఆ పదార్థం పురుగుల కోసం. బూడిద తెగులును అణిచేది ముఖ్యంగా నూనె పొరే. లీటరు నీటికి 5 మి.లీ. చాలు. ముందు కాస్త సబ్బునీళ్లలో పాలలా తెల్లబడేదాకా గిలక్కొట్టి, మిగతా నీళ్లు పోయాలి. మచ్చలు నాలుగైదు ఆకుల మీద ఉన్నప్పుడే, సాయంత్రం పూట, ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టాలి. గంధకం కొట్టి రెండు వారాలు కాకుండా నూనె జోలికి పోవద్దు. ఒకసారి తొందరపడి ఆకుల అంచులు మాడ్చుకున్నాను.

శొంఠి పాల కషాయంలో 200 లీటర్ల నీళ్లకు 5 లీటర్ల పాలు పోస్తాం. అంటే రెండున్నర శాతం. బ్రెజిల్‌లో గుమ్మడి జాతి మొక్క మీద చేసి 1999లో ప్రచురించిన ప్రయోగంలో పాలు 10 శాతం, ఆపైన ఉన్నప్పుడు బాగా పనిచేశాయి. ఆ లెక్కన 20 లీటర్లు కావాలి. ఇంట్లో పాడి ఉంటే మీ ఇష్టం.

పసుపు? అందులోని కర్కుమిన్ నీళ్లలో కరగదు, ఎండకు నిలవదు. కూరలో వేసుకోండి.

మిరప రైతులూ ఇదే అడుగుతున్నారు. మిరపకు వచ్చే బూడిద తెగులు శిలీంధ్రం వేరు, అది ఆకు లోపల పెరుగుతుంది. అడుగున తెల్లగా బయటపడేసరికి లోపలంతా పాకేసి ఉంటుంది. అప్పుడు ఈ మూడింటిలో ఏది కొట్టినా లోపలున్నదాన్ని అందుకోలేదు.