గోదారి బ్రిడ్జిని కారు డిక్కీలో మోసుకెళ్తూ మూడేళ్లు: టీ-ట్రాక్ మాడ్యూళ్లు, కాటో యూనిట్రాక్ మీద నా రివ్యూ

మూడేళ్లలో ఆరు ఎగ్జిబిషన్లు అయ్యాయి. అంటే ఈ మాడ్యూళ్లను ఆరుసార్లు విప్పి, ఆరుసార్లు కలిపి, మళ్లీ డబ్బాల్లో సర్ది ఇంటికి తెచ్చాను, కాబట్టి ఇక రాయొచ్చు అనిపించింది. మోడల్ రైళ్లంటే ఇష్టం ఉన్నా అపార్ట్‌మెంట్‌లో చోటు లేక, వ్యాన్ లేక, క్లబ్బుకి ఏం తీసుకెళ్లాలో తెలియక ఆగిపోయిన వాళ్ల కోసం ఇది. నేనుండేది న్యూజెర్సీలో, రెండో అంతస్తులో, లిఫ్ట్ లేదు, మామూలు సెడాన్ కారు. ఏది తయారు చేసినా ఆ మెట్లు దిగాలి, ఆ డిక్కీలో పట్టాలి.

మాడ్యులర్ లేఅవుట్ అంటే తెలియని వాళ్లకు ఒక్క మాట. క్లబ్బులో ఒక్కొక్కరు ఇంట్లో ఒక్కో ముక్క కట్టుకుంటారు, దాన్నే మాడ్యూల్ అంటారు, ఎగ్జిబిషన్ రోజున హాల్లో అన్నీ వరసగా కలిపితే పెద్ద లేఅవుట్ అవుతుంది, అందరి రైళ్లూ అందరి ముక్కల మీదా తిరుగుతాయి. అమెరికాలో ఎన్ స్కేల్ అనే చిన్న సైజు మోడల్ రైళ్ల వాళ్లకు దీన్ని అలవాటు చేసింది 1970ల్లో కాలిఫోర్నియాలో మొదలైన ఎన్‌ట్రాక్. అందులో మామూలు మాడ్యూల్ నాలుగడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, మూడు ట్రాకులు, సొంత కాళ్లు. చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ మా క్లబ్ పెద్దాయన ఒకాయన తన రెండు మాడ్యూళ్ల కోసం వ్యాన్ వెనక సీట్లు పీకేసి ఉంచుకున్నారు. నాకది కుదరదు. టీ-ట్రాక్ జపాన్ నుంచి వచ్చిన ఆలోచన, సరిగ్గా నాలాంటి ఇళ్లలో ఉండేవాళ్ల కోసం పుట్టింది. మాడ్యూల్‌కి కాళ్లుండవు, హాల్లో ఉండే మామూలు మడత టేబుళ్ల మీదే పెట్టేస్తారు. ఒక సింగిల్ మాడ్యూల్ పొడుగు 308 మిల్లీమీటర్లు, డబుల్ 618. చంకలో పెట్టుకుని మెట్లు దిగొచ్చు.

ఈ కొలతలు చూసినప్పుడే నాకు గోదారి గుర్తొచ్చింది. చిన్నప్పుడు కొవ్వూరు నుంచి రాజమండ్రి ఎన్నిసార్లు దాటామో లెక్కలేదు. ఎన్ స్కేల్ అంటే 160కి ఒకటి. 1900లో కట్టి 1997లో రైళ్లు ఆపేసిన పాత హేవ్‌లాక్ బ్రిడ్జికి 56 గర్డర్ స్పాన్లు (స్పాన్ అంటే రెండు స్తంభాల మధ్య ముక్క), ఒక్కోటి 45.7 మీటర్లు. దాన్ని 160తో భాగిస్తే 286 మిల్లీమీటర్లు, ఒక సింగిల్ మాడ్యూల్‌లో కూర్చుంటుంది. కొత్త ఆర్చి బ్రిడ్జికి 28 స్పాన్లు, ఒక్కోటి సుమారు 97.5 మీటర్లు, అంటే 609 మిల్లీమీటర్లు. డబుల్ మాడ్యూల్ 618! తొమ్మిది మిల్లీమీటర్లే తేడా. కాగితం మీద ఈ లెక్క వేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడి జపాన్ కొలత, ఎక్కడి రాజమండ్రి.

ఒక రాజీ మాత్రం పడాల్సి వచ్చింది. టీ-ట్రాక్‌లో రెండు లైన్లు తప్పనిసరి, ఆర్చి బ్రిడ్జి మీద ఉన్నది ఒకే లైను. అందుకని ఆర్చీల మధ్య వెడల్పు పెంచి రెండు లైన్లూ లోపలి నుంచే పోనిచ్చాను. తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు, అయినా రైలు ఆర్చీల నీడల్లోంచి పోతున్నప్పుడు ఆ లయ అలాగే ఉంటుంది, నాకు కావాల్సింది అదే.

ఇక కిట్ సంగతి. మాడ్యూల్‌కి అడుగున ఉండే చెక్క పెట్టెలు లేజర్‌తో కోసి అమ్మే చిన్న చిన్న తయారీదారులు చాలామంది ఉన్నారు. నేను మొదట కొన్నది ఎండీఎఫ్ (చెక్కపొడిని నొక్కి చేసిన పలక) కిట్, చవకగా వచ్చిందని. ఎవరి దగ్గర కొన్నానో చెప్పను, ఎందుకంటే తర్వాత వాళ్లు ఆ ముక్క మార్చి పంపారు. కానీ వచ్చిన కార్నర్ మాడ్యూల్‌లో ఒక పక్క పలక వంగి ఉంది, అంటించి ఆరాక చూస్తే ఒక మూల రెండు మిల్లీమీటర్లు లేచి ఉంది. రెండు మిల్లీమీటర్లే కదా అనుకోకండి, ఎన్ స్కేల్‌లో పట్టాల మధ్య దూరమే తొమ్మిది మిల్లీమీటర్లు. పైగా ఎండీఎఫ్ తడి తగిలితే ఉబ్బుతుంది, మనం సీనరీకి వాడేదంతా నీళ్లు కలిపిన జిగురే. రెండోసారి బిర్చ్ ప్లైవుడ్ కిట్ తెప్పించాను, కొంచెం ఎక్కువైంది కానీ మూడేళ్లలో వెంట్రుకంత కదల్లేదు. డబ్బులు మిగలాలంటే చెట్ల దగ్గరో ఇళ్ల దగ్గరో మిగల్చండి, పెట్టె దగ్గర మాత్రం వద్దు.

కింద నాలుగు మూలలా తిప్పే బోల్టులుంటాయి. మాడ్యూల్ ఎత్తు కనీసం 70 మిల్లీమీటర్లు, బోల్టులు తిప్పి 100 దాకా లేపొచ్చు. హాల్లో ఏ రెండు టేబుళ్లూ ఒకే ఎత్తులో ఉండవు, కాబట్టి ఇదేమీ అలంకారం కాదు. నేను చిన్న రసమట్టం ఒకటి, పలచని అట్ట ముక్కలు కొన్ని ఎప్పుడూ జేబులో పెట్టుకుంటాను.

అసలు మెచ్చుకోవాల్సింది కాటో కంపెనీ వాళ్ల యూనిట్రాక్‌ని. పట్టాలు, స్లీపర్లు, కింద కంకర మొత్తం ఒకే ముక్కగా వస్తుంది, రెండు చివర్లా యూనిజాయినర్ అనే క్లిప్పు ఉంటుంది. టీ-ట్రాక్ మొత్తం ఈ క్లిప్పు మీదే నిలబడింది. పెట్టె 308 అయితే దాని మీది ట్రాకు 310, 248 ముక్క ఒకటి 62 ముక్క ఒకటి. అంటే రెండు పక్కలా ఒక్కో మిల్లీమీటరు ట్రాకు బయటికి ఉంటుంది, రెండు మాడ్యూళ్లు పక్కపక్కన పెట్టి తోస్తే చెక్కకి చెక్క తగలకముందే పట్టాలు కలిసిపోతాయి. టక్ మని చిన్న చప్పుడు. అంతే, క్లాంపులు లేవు, నట్లు లేవు, టేబుల్ కిందకి దూరాల్సిన పని లేదు. నలభై మాడ్యూళ్లు కేవలం ఈ క్లిప్పులతో ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడితే మొదటిసారి చూసినవాళ్లు నమ్మరు. నేనూ నమ్మలేదు, రైలు ఇరవై సార్లు తిరిగొచ్చాక నమ్మాను.

విడదీసేటప్పుడే జాగ్రత్త. చాలామంది ఒక పక్క పైకెత్తి లాగుతారు, అప్పుడు లోపలి రేకు విచ్చుకుంటుంది, తర్వాత అక్కడ కరెంటు అందదు, ఇంజన్ అక్కడికి రాగానే నత్తి మాటలా తడబడుతుంది. టేబుల్ మీదే ఉంచి రెండు చేతులతో నేరుగా, తాళంచెవి బయటికి తీసినట్టు లాగాలి. ఎలా వాడినా ఈ క్లిప్పులు కొన్నాళ్లకు వదులవడం సహజం. ఒక ప్యాకెట్ విడిగా కొనిపెట్టుకుని ఏడాదికోసారి చివరివి మార్చేస్తే టెన్షన్ ఉండదు.

కొనేముందు మీ క్లబ్బుని అడగాల్సింది ఒకటుంది, రెండు లైన్ల మధ్య దూరం ఎంత అని. మొదట్లో 25 మిల్లీమీటర్లు, అంటే రెండు ట్రాకుల కంకర అంచులు ఆనుకుని ఉండేవి. ఇప్పుడు చాలాచోట్ల 33, మా క్లబ్బుదీ అదే. అడక్కుండా అంటించేస్తే మళ్లీ పీకాలి. వైరింగ్‌కి ఒక పద్ధతి ఉంది: ముందు పట్టా నుంచి వెనక్కి నీలం, తెలుపు, తెలుపు, నీలం. నా మొదటి ఎగ్జిబిషన్‌లో ఒక ఫీడర్ (పట్టాలకు కరెంటు ఇచ్చే వైరు) తిరగేసి కలిపాను, లేఅవుట్ మొత్తం షార్ట్ అయి ఇరవై నిమిషాలు అందరూ నావల్ల వెతుక్కున్నారు. ఇప్పుడు ప్రతి ప్లగ్గు మీదా పెయింట్‌తో గుర్తు పెట్టాను.

ప్యాకింగ్ గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మాడ్యూల్ పాడయ్యేది హాల్లో కాదు, దారిలో. మొదటిసారి అట్టపెట్టెలో థర్మోకోల్ ముక్కలు కుక్కి వెనక సీట్లో పెట్టాను. టోల్ దగ్గర ఒక్కసారి బ్రేక్ వేశాను, అంతే, వెళ్లి తెరిచేసరికి రేవు పక్కన నాటిన పదకొండు కొబ్బరిచెట్లలో నాలుగే నిలబడి ఉన్నాయి, ట్రాకు చివరి క్లిప్పు ఒకటి వంగిపోయింది. మా అమ్మాయి ఒక్కో చెట్టుకీ ఆకులు కత్తిరించి అంటించింది, దానికి ఫోన్‌లో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇప్పుడు వాడేది మంచం కింద పెట్టుకునే పొడుగు ప్లాస్టిక్ డబ్బా. దాన్ని తిరగేస్తాను. అంటే మూత కింద, డబ్బా పైన. మూతకి నాలుగు కన్నాలు చేసి మాడ్యూల్ బోల్టులు వాటిలోంచి దించి కింద నట్లు బిగిస్తాను, పైన డబ్బాని టోపీలా బోర్లించి బెల్టు కట్టేస్తాను. మాడ్యూల్‌ని ఏదీ తాకదు, సీనరీ మీద స్పాంజి ఒత్తిడి ఉండదు. ట్రాకు చివర్లకి చిన్న చెక్క మూతలు. ఆర్చీలు డబ్బా ఎత్తుకి మించుతాయి కాబట్టి వాటిని అంటించలేదు, కాళ్ల దగ్గర చిన్న అయస్కాంతాలు పెట్టాను, ఊడదీసి చెప్పుల పెట్టెలో విడిగా పెడతాను. హాల్లో మళ్లీ నిలబెట్టడానికి రెండు నిమిషాలు. ఒక డబుల్, రెండు సింగిళ్లు, కంట్రోలర్, రైళ్ల పెట్టె, మా ఇద్దరి బట్టల బ్యాగు, అన్నీ డిక్కీలోనూ వెనక సీటులో సగంలోనూ సరిపోతున్నాయి.

చలికాలం ఇంకో సంగతి. ఏటా జనవరిలో మసాచుసెట్స్‌లోని వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆమ్హర్స్ట్ రైల్వే సొసైటీ వాళ్ల పెద్ద షో జరుగుతుంది, మాకు మూడు గంటల దారి. రాత్రంతా కార్లో గడ్డకట్టిన మాడ్యూల్‌ని వెచ్చని హాల్లోకి తెచ్చి వెంటనే తెరిస్తే పట్టాల మీద చెమ్మ కడుతుంది, కరెంటు సరిగా అందదు, కాగితంతో చేసిన బోర్డులు వంకర పోతాయి. డబ్బా మూసి ఉంచి గంట ఆగాలి, ఆ చెమ్మ డబ్బా బయట పడుతుంది. ఆ గంటలో టేబుళ్లు సర్దుకోవచ్చు. వీలైతే రాత్రి హోటల్ గదిలోకే తెచ్చేసుకోండి, ఇంత చిన్నవి కాబట్టే ఆ పని కుదురుతుంది.

పోయిన షోలో అక్కడే జరిగింది ఇది. నేను గోదారికి నీలం వేయలేదు, ఆషాఢంలో వచ్చే ఎర్రనీటి రంగు వేశాను, దాని మీద నిగనిగలాడేలా జెల్ పూతలు ఐదు. క్లబ్బులో ఒకరిద్దరు బురదలా ఉంది, నీలం వేయమన్నారు, నేను ఒప్పుకోలేదు. శనివారం మధ్యాహ్నం కొడుకుతో, మనవడితో వచ్చిన ఒక పెద్దావిడ జనంలోంచి ముందుకొచ్చి ఆ నీళ్లవైపు చూసి, "ఏం బాబూ, ఇది గోదారి బ్రిడ్జేనా?" అన్నారు. అక్కడ బోర్డు ఇంకా పెట్టలేదు. "అవునండి పిన్నిగారూ, రాజమండ్రి" అన్నాను. ఆవిడ మారు మాట్లాడకుండా పర్సులోంచి ఒక పెన్నీ తీసి మనవడి చేతిలో పెట్టి, చెయ్యి పట్టుకుని దణ్ణం పెట్టించి, ఆ ఎర్రనీళ్ల మీద మెల్లగా పెట్టించారు. అప్పుడు బ్రిడ్జి మీద పోతున్నది అమెరికా వాళ్ల ఆమ్‌ట్రాక్ రైలు, ఎందుకంటే మన కోచ్‌లు ఎన్ స్కేల్‌లో దొరకడం చాలా కష్టం. ఆవిడకి అదేం పట్టలేదు. ఆ పెన్నీని నేను అక్కడే జిగురేసి ఉంచేశాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కొండలు, లోయలు ఇష్టపడేవాళ్లకు ఈ పెట్టె ఎత్తు చాలదు, నా నది కూడా నిజానికి బ్రిడ్జికి మరీ దగ్గరగా పారుతుంది. మూలల్లో వంపు వ్యాసార్థాలు 282, 315 మిల్లీమీటర్లు, పొడుగు కోచ్‌లు అక్కడ పక్కకి వేలాడుతూ తిరుగుతాయి, చూడ్డానికి అంత బాగుండదు. ఇంత చిన్న మాడ్యూళ్లు వరసగా పెడితే అడుగడుక్కీ దృశ్యం మారిపోతుంది, ఇటు గోదారి, పక్కనే కొలరాడో కొండ. ఎన్‌ట్రాక్ వాళ్ల దగ్గర, ఫ్రీ-మో అనే ఇంకో మాడ్యూల్ పద్ధతి వాళ్ల దగ్గర కనిపించే సాగిన నేల ఇందులో రాదు. ఎవరికైనా అదే ముఖ్యమైతే, వ్యాన్ కూడా ఉంటే, అటే వెళ్లండి. నా వరకు యూనిట్రాక్‌కి ఐదుకి ఐదు, టీ-ట్రాక్ పద్ధతికి నాలుగున్నర, ప్లైవుడ్ కిట్‌కి నాలుగు, ఎండీఎఫ్ కిట్‌కి రెండు.

మొత్తం 28 స్పాన్లూ కడితే పదిహేడు మీటర్ల పైచిలుకు అవుతుంది. ఏ హాల్లోనూ మాకంత వరస ఇవ్వరు, అందుకని ప్రస్తుతానికి మూడు స్పాన్లు చాలనుకున్నాను. ఇంకో రెండు డబుల్ కిట్లు వచ్చాయి, స్తంభాలకి వేసిన సిమెంటు రంగు బాల్కనీలో ఆరుతోంది, మా అమ్మాయి మళ్లీ కొబ్బరాకులు కత్తిరిస్తోంది. ఈసారి పదిహేను చెట్లట.