పాకాల పక్షుల యాత్రకు డబ్బు కట్టేముందు అనుమతి పత్రం చూపించమనండి

వరంగల్, హనుమకొండ నుంచి పాకాల అభయారణ్యానికి పక్షుల వీక్షణ యాత్రలు నడుపుతామంటూ వాట్సాప్‌లో తిరుగుతున్న ప్రకటనలను చూసి ముందుగానే డబ్బు కట్టాలనుకుంటున్న మిత్రులు ఇది చదివిన తర్వాతే నిర్ణయం తీసుకోవలసిందిగా మనవి. అటవీశాఖ అనుమతి, పక్షులను గుర్తుపట్టి చెప్పగల గైడు, అడవి లోపల గుడారాల్లో రాత్రి బస అన్నీ కలిపే ధర అని ఒక ప్రైవేటు నిర్వాహకుడు చెప్పగా, మా కుటుంబం మొత్తం సొమ్మును ముందే చెల్లించింది.

తెల్లవారకముందే చెరువు కట్టకు చేరవలసిన బండి ఎండ ముదిరాక చేరింది. గైడుగా వచ్చిన యువకుడికి నీటికాకికీ బాతుకూ తేడా తెలియదు. అంతవరకైతే సరిపెట్టుకునేవాళ్లం. కానీ ఫొటోలు అడిగినవారి కోసం అతను తుంగలోకి రాళ్లు విసిరి బాతులను లేపాడు, ఫోనులో పక్షి కూతలను పదేపదే వినిపించాడు. అలాంటి కూత విన్న పక్షి తన హద్దులోకి మరొక పక్షి చొరబడిందనుకొని, మేతనూ గూటినీ వదిలి దాని కోసం వెతుకుతుంది. గుడ్లు పెట్టే కాలంలో ఇది పిల్లల ప్రాణం మీదికి వస్తుంది. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో కట్టించిన ఆ చెరువును నమ్ముకొని బతికే పక్షులకు మన డబ్బుతోనే ఇలా హాని జరగడం నన్ను ఎక్కువగా బాధించింది.

సాయంత్రం గుడారాలు వేస్తుండగా అటవీ సిబ్బంది వచ్చి అనుమతి పత్రం అడిగారు. అది లేనే లేదు. చీకట్లో పిల్లలతో వెనుదిరిగాము. సొమ్ము తిరిగి ఇవ్వమంటే, అటవీశాఖ ఆపితే తమ బాధ్యత కాదని చెప్పి, ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశారు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో పర్యటనకు, ఫొటోలు తీయడానికి అనుమతి ఇచ్చే అధికారం అటవీశాఖదే గాని యాత్రలు నడిపేవారిది కాదు. అక్కడి జంతువులను, పక్షులను వేధించడాన్ని, చెత్త వేయడాన్ని కూడా అదే చట్టం నిషేధిస్తుంది. అందువల్ల తేదీ, బస చేసే చోటు రాసి ఉన్న అనుమతి పత్రాన్ని చూడనిదే అడ్వాన్సు ఇవ్వకండి, ఆ పత్రం నిజమైనదో కాదో అటవీశాఖ కార్యాలయంలోనే కనుక్కోండి. ఇప్పటికే కట్టి మోసపోయినవారు ప్రకటనను, రసీదును, సంభాషణలను భద్రపరచుకొని జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంటుంది.