క్విల్లింగ్ కిట్: మనసు దోచిన అంచు, మోసం చేసిన ఎరుపు

సన్నని కాగితపు పట్టీలను చుట్టి పూలు, నగలు చేసే పనినే క్విల్లింగ్ అంటారు. దాని కిట్ కొనేవారు మొదట పెట్టెలో ఎన్ని పనిముట్లు ఉన్నాయో లెక్కపెడతారు. రెండేళ్లకు పైగా వాడిన మీదట నేను చెప్పేది వేరు. చూడవలసింది కాగితాన్ని, అందులోనూ దాని అంచును. ఈ పనిలో పట్టీ ఎప్పుడూ అంచు మీదే నిలబడుతుంది. మూసిన పుస్తకాన్ని పేజీల వైపు నుంచి చూసినట్టు, చూసేవారి కంటికి ఆ సన్నని అంచులే అందుతాయి. కాగితం రెండు ముఖాలకూ ఎంత మంచి రంగున్నా, మధ్యలో తెల్లగా ఉంటే చుట్ట చుట్టగానే వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.

కర్నూలులో పాత బస్టాండు వైపున్న ఒక స్టేషనరీ దుకాణంలో కొన్న కిట్ నాది. దాన్ని నేను ఇంతగా ఇష్టపడటానికి కారణం ఆ అంచే. గుజ్జు దశలోనే రంగు కలిపిన కాగితం అది. చింపి చూస్తే లోపల కూడా అదే రంగు. పసుపు పట్టీని వదులుగా చుట్టి, వేళ్ల మధ్య నుంచి జారనిచ్చి, ఒక కొన నొక్కితే నీటిబొట్టు ఆకారం వస్తుంది. రెండు కొనలూ నొక్కితే కన్ను. ఆ కంటి లోపల ఒక్కో గీతా నిండు పసుపుతో మెరుస్తుంటే మొదటి రోజుల్లో పని ఆపి మరీ చూస్తూ కూర్చునేదాన్ని. తర్వాత పిల్లల ప్రాజెక్టు వర్కుల కోసం అమ్మే చవక కట్ట ఒకటి తెచ్చాను. అదే పసుపు, అదే 3 మిల్లీమీటర్ల వెడల్పు. కానీ అంచు తెలుపు. రెండింటితో చేసిన పూలను పక్కపక్కన పెడితే ఒకటి నిన్నటిది, ఒకటి ఏళ్ల నాటిది అనిపించింది.

కొన్ని వందల ఏళ్ల క్రితం ఫ్రాన్స్, ఇటలీ మఠాల్లోని సన్యాసినులు పుస్తకాల బంగారు పూత అంచులను సన్నగా కోసి, ఆ పోగులను చుట్టి దైవపటాలకు అలంకరణ చేసేవారని ఈ కళ చరిత్ర రాసినవారు చెబుతారు. అది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. వాళ్లు కూడా అంచు కోసమే ఆ కాగితాన్ని ఎంచుకుని ఉంటారు. ఈనాటికీ ఒక పక్క అంచుకు మాత్రమే బంగారు పూత పూసిన పట్టీలు దొరుకుతున్నాయి.

పనిముట్ల గురించి కొంచెం. కొనలో చీలిక ఉన్న సూది కొత్తవారికి వరం. పట్టీ కొసను చీలికలో దూర్చి తిప్పితే చాలు, మొదటి గంటలోనే చుట్ట కుదురుతుంది. చేయి తిరిగాక మాత్రం ఆ చీలిక చుట్ట నడుమ వదిలే చిన్న మడత కంటికి తగలడం మొదలవుతుంది. నెమలి ఈక కన్ను లాంటివి చేసేటప్పుడు నేనిప్పుడు చీలిక లేని సూదే వాడుతున్నాను. గుండ్రటి గుంతలున్న కొలతల పలక కూడా మంచిదే. జత కమ్మల్లాంటి వాటికి తప్ప దాన్ని ఈ మధ్య బయటికి తీయడం లేదు.

మా ఊరి ఎండాకాలం గురించి ఏ కిట్ పెట్టె మీదా రాసి ఉండదు. మే నెలలో ఫ్యాను లేకుండా కూర్చోలేం. ఫ్యాను వేస్తే పట్టీలు గదంతా ఎగురుతాయి. కూలర్ పెడితే ఆ తేమ గాలికి కాగితం మెత్తబడి, చుట్ట బిగువు తప్పుతుంది. అందుకే ఆ రోజుల్లో తెల్లవారుజామునే పని ముగిస్తాను. ఒక మేలు కూడా ఉంది. పొడి గాలికి ఫెవికాల్ ఇట్టే ఆరుతుంది, చుట్టను వేళ్లతో పట్టుకుని ఎదురుచూడాల్సిన పని లేదు.

ఇక ఎరుపు సంగతి. నంద్యాలలో మా ఆడపడుచు కూతురి ఓణీల వేడుక. మీగడ రంగు పరికిణీ, ఎర్ర ఓణీ. వాటికి సరిపోయే బుట్టకమ్మలు నేనే చేసిస్తానని మాటిచ్చాను. ఒక్కో బుట్టకు మీగడ రంగు పట్టీలను కొసకు కొస అతికించి పొడవు చేసి, బిగుతుగా బిళ్లలా చుట్టాను. బిళ్లను బొటనవేలితో మెల్లగా నెడుతూ గోపురంలా లేపి, జారిపోకుండా లోపలివైపు ఫెవికాల్ పూశాను. అంచు చుట్టూ ఎర్ర వరుస, దాని కింద ఎర్రటి చిన్న నీటిబొట్లు, వాటికి ముత్యాలు. వేడుకకు రెండు రోజుల ముందు రాత్రికి పూర్తయ్యాయి. చెమటకు తట్టుకోవాలి కదా అని, కిట్‌లో ఇచ్చిన సూచనల కాగితంలో చెప్పినట్టే నీటితో పలచన చేసే వార్నిష్ ఒక పూత వేశాను.

కాసేపు బాగానే ఉన్నాయి. తర్వాత ఎర్ర వరుస పక్కన సన్నని గులాబీ గీత కనబడింది. పట్టీకీ పట్టీకీ మధ్య సందుల్లోంచి తడి పైకి పాకుతోంది, దాంతో పాటు రంగూ పాకుతోంది. దూదితో అద్దాను, పెద్దగా లాభం లేకపోయింది. తెల్లారేసరికి రెండు బుట్టలూ సగం వరకు గులాబీ రంగుకు తిరిగాయి, అదీ మచ్చలు మచ్చలుగా. లోపల జిగురు పూసి గట్టిపడ్డాక విప్పడానికి ఉండదు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

మర్నాడు నంద్యాల ప్రయాణం. ఎరుపు జోలికి పోకుండా మీగడ రంగు బుట్టలు మళ్లీ చేసి, ఎర్ర వరుస స్థానంలో బంగారు అంచు పట్టీలు పెట్టాను. వేడుకలో అవి అందరికీ నచ్చాయి. పాడైన జతను సంచిలో చూసిన మా ఆడపడుచు కూతురు, "అత్తా, ఈ గులాబీ నీడ ఎలా తెప్పించావు?" అని అడిగి ఇంటికి తీసుకెళ్లింది. దానికి అవే ఎక్కువ నచ్చాయి. నాకు మాత్రం ఆ కిట్ మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు. రంగు వదిలే పట్టీలు ఇచ్చి, అదే పెట్టెలో నీటి వార్నిష్ వేయమని రాస్తే కొన్నవాళ్లు ఏమైపోవాలి? దుకాణంలో అడిగితే "వార్నిష్ మార్చి చూడండమ్మా" అన్నారు.

తిరిగొచ్చాక కట్టలన్నీ పరీక్షించాను. ప్రతి రంగు నుంచీ ఒక ముక్క తీసి తడి దూదితో రుద్దాను. పసుపు, ఆకుపచ్చ, మీగడ రంగులు దూదికి అంటలేదు. ఎరుపు, మెరూన్, ముదురు నీలం అంటాయి. అంచు వరకు రంగు ఉండటం ఎంత అవసరమో, తడికి ఆ రంగు నిలవడం కూడా అంతే అవసరమని అప్పటి నుంచి ఎవరు అడిగినా చెబుతున్నాను. ఆ మూడు రంగులతో నగలు చేయాల్సి వస్తే రంగులేని నెయిల్ పాలిష్ పలచగా వేస్తున్నాను. నా పట్టీలకు దానితో రంగు కారలేదు. కాకపోతే మెరుపు కాస్త ఎక్కువవుతుంది, వాసన భరించాలి, సీసా తొందరగా అయిపోతుంది.

ఈ కిట్ కొనమంటానా అంటే, ఏం చేయబోతున్నారో ముందు నేను అడగాలి. గ్రీటింగ్ కార్డులు, అద్దం బిగించే పటాలు చేసేవారికైతే తడి తగిలే పనే లేదు కాబట్టి ధైర్యంగా కొనమంటాను. అంత మంచి అంచు ఆ ధరకు మా ఊళ్లో నాకు ఇంకెక్కడా దొరకలేదు. ఒంటి మీద పెట్టుకునే నగలకైతే లేత రంగుల కట్టలు విడిగా కొనుక్కోవడం మేలు. నేను అమ్మకానికి చేసేదాన్ని కాదు, పిల్లలు పెద్దవాళ్లయ్యారు, సాయంత్రాలు నావే. డబ్బు తీసుకుని చేసేవారు, ఒక జత పాడైతే మళ్లీ కూర్చునే తీరిక లేనివారు నాకన్నా కఠినంగా తీర్పు చెబితే కాదనను. చిన్న పిల్లలకు నేర్పాలంటే ఆ తెల్ల అంచు చవక కట్టే చాలు, వాళ్లు కావలసినంత పాడు చేసుకోవచ్చు. నా దగ్గర మిగిలిన ఎర్ర పట్టీలు మాత్రం ఇప్పుడు కార్డుల మీది మందారాలకే వెళ్తున్నాయి.